ఉన్మాద వ్యాధులు, హార్మోనులు: రోగం పనా, మందు పనా?



మానసిక వ్యాధులను గురించి వ్రాసినప్పుడల్లా మనం మెదడును గురించే మాట్లాడుకుంటాము. ఈసారి మెదడుకూ, శరీరంలోని వినాళ గ్రంథులకూ నడుమనున్న సంబంధాన్ని గురించి వ్రాస్తున్నాను. నాళాల అవసరం లేకుండా తమ స్రావాలను నేరుగా రక్తంలోనికి వదిలే గ్రంథులే వినాళ గ్రంథులు. ఆ స్రావాలే హార్మోనులు. ఉన్మాద వ్యాధి గల వారిలో ఈ హార్మోనులు ఎందుకు తారుమారవుతాయో తెలుసుకొనడానికి వైద్యలోకానికి సుమారు నూరేండ్లు పట్టింది. ఇది చరిత్రే అయినా, ఇంట్లో ఎవరైనా మానసిక వ్యాధికి మాత్రలు వాడుతున్న వారికి నేటికీ పనికివచ్చే చరిత్ర. ముందుగా నా ఉద్యోగ జీవితంలోని ఒక సంఘటన చెబుతాను. రోగి ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

సుగ్గికి పోయిన ఏడాది

1980వ దశకం మధ్యలో నేను కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేస్తున్నాను. ఎమ్మిగనూరు, ఆదోని, గోనెగండ్ల చుట్టుప్రక్కల పల్లెల వారు నా దగ్గరకు వచ్చేవారు. నేడు గోనెగండ్ల అనగానే చాలామందికి హంద్రీ నది మీది గాజులదిన్నె ప్రాజెక్టు గుర్తుకు వస్తుంది. కాని ఆ ప్రాంతంలో ఎక్కువ చేలు వానను నమ్ముకొన్నవే. పంట చేతికి రాని ఏడు మూటాముల్లె సర్దుకొని కూలికి పొరుగు జిల్లాలకు, కర్ణాటకకు పోతారు. దానిని అక్కడ సుగ్గికి పోవడం అంటారు.

గోనెగండ్లకు దగ్గరి పల్లె నుండి ఒక కుటుంబం ఇరవై నాలుగేండ్ల కోడలిని తీసుకొని వచ్చింది. ఆమెకు ఎవరూ లేని చోట మాటలు వినబడేవి. అన్నంలో విషం కలిపారని తినేది కాదు. గాలి సోకిందని అప్పటికే నాలుగు చోట్ల త్రిప్పి విసిగిపోయారు. నేను క్లోర్‌ప్రోమజీన్ మాత్రలు ఇచ్చాను. రెండు మూడు నెలల్లో ఆమె తేరుకొంది. జొన్నరొట్టెలు కాల్చింది, వేరుశనగ చేనిలో కలుపు తీయడానికి పోయింది. చిన్న వయసు వైద్యుడిని, చాలా సంతోషించాను.

అయిదవ నెలలో అత్తగారు ఆమెను మళ్లీ తీసుకొని వచ్చింది. ఈసారి ఇద్దరి ముఖాలూ వేరుగా ఉన్నాయి. 

"ముట్టు రాక నాలుగు నెల్లు ఆయె సారూ. రొమ్ముల్లో పాలు వస్తాండాయి. మా పిల్లోడు సుగ్గికి పోయి ఆరు నెల్లాయె" అని అత్తగారు ఊరుకొంది. కోడలు తల ఎత్తలేదు.

పరీక్షించాను. గర్భాశయం పెరగలేదు. మూత్ర పరీక్షలోనూ గర్భం లేదని తేలింది. ఆ మాటే చెప్పాను. "అట్లయితే పాలెట్లా వచ్చె?" అని ఆమె అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. కొన్నాళ్లు చూద్దామన్నాను. సమాధానం లేని వైద్యుని మాటను ఊరు ఎందుకు నమ్ముతుంది? కోడలిని పుట్టింటికి పంపివేశారు. అక్కడ మాత్రలు తెచ్చి ఇచ్చేవారు లేరు. నెలన్నర తిరగకుండా ఆ మాటలు ఆమెకు మళ్లీ వినబడసాగాయి.

ఆ అత్తగారు అడిగిన ప్రశ్ననే అంతకు ముందు చాలా ఏండ్లుగా ప్రపంచంలోని పెద్ద పెద్ద వైద్యులూ అడుగుతూ వచ్చారు. ఉన్మాద రోగి శరీరంలో కనిపించే ఈ మార్పు ఎక్కడి నుండి వచ్చింది? రోగం నుండా, మందు నుండా, లేక మరేదైనా కారణం నుండా?

గ్రంథుల మీద తొలి అనుమానం

జర్మనీ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ నేడు మనం స్కిజోఫ్రీనియా అని పిలిచే వ్యాధిని ప్రత్యేకంగా వర్ణించిన వారిలో ముఖ్యుడు. 1896లో వెలువడిన తన గ్రంథపు అయిదవ ముద్రణలో ఆయన ఈ వ్యాధిని జీవక్రియల లోపాల వలన కలిగే వ్యాధుల సరసన చేర్చాడు. శరీరంలోనే ఏదో విషం పుట్టి మెదడును చెరుస్తున్నదనీ, అది బహుశా లైంగిక గ్రంథులకు సంబంధించినదై ఉండవచ్చుననీ ఆయన ఊహించాడు. ఊహకు ఆధారం లేకపోలేదు. ఈ వ్యాధి తరచు యౌవనంలో మొదలవుతుంది. స్త్రీలలో కొందరికి ముట్టు సమయంలో, కాన్పు తర్వాత లక్షణాలు పెరుగుతాయి. అప్పటికి హార్మోను అన్న మాట కూడా పుట్టలేదు. ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఆ పదాన్ని 1905లో వాడుకలోనికి తెచ్చాడు.

ఊహలు ఊహలుగానే ఉండి ఉంటే నష్టం లేకపోయేది. కాని 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఐరోపా, అమెరికాలలో మతిభ్రమణానికి చికిత్స అన్న పేరుతో ఎందరో స్త్రీల అండాశయాలను, ఆరోగ్యంగా ఉన్న వాటిని సైతం, శస్త్రచికిత్సతో తొలగించారు. వ్యాధి తగ్గలేదు. అంగం మాత్రం పోయింది.

అయితే గ్రంథుల మీది అనుమానం ఒక చోట నిజమైంది. అది కంఠంలోని థైరాయిడ్ గ్రంథి. ఆ గ్రంథి మందగించిన రోగులను గురించి లండన్ క్లినికల్ సొసైటీ నియమించిన సంఘం 1888లో నివేదిక ఇచ్చింది. అటువంటి వారిలో సగానికి దగ్గరగా భ్రాంతులు, లేనివి కనబడడం, వినబడడం వంటి లక్షణాలు ఉన్నాయని అందులో పేర్కొన్నారు. 1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసంతో ఈ వ్యాధికి చికిత్స చేసి చూపించాడు. అయినా మానసిక వైద్యశాలలలో ఇటువంటి రోగులు గుర్తింపు లేకుండా ఉండిపోతూనే వచ్చారు. 1949లో రిచర్డ్ ఆషర్ అనే లండన్ వైద్యుడు థైరాయిడ్ లోపం వలన మతి చలించిన 14 మందిని గురించి వ్రాశాడు. థైరాయిడ్ మందుతో వారిలో ఎక్కువమంది కోలుకొన్నారు. మతి చలించిన ప్రతి రోగికీ థైరాయిడ్ పరీక్ష చేయాలన్న నియమం వెనుక ఈ చరిత్ర ఉంది.

అధివృక్క గ్రంథుల విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. మూత్రపిండాల పైన టోపీలవలె ఉండే ఈ గ్రంథుల నుండి కార్టిసాల్ వెలువడుతుంది. ఆ హార్మోను మితిమీరే వ్యాధిని 1932లో హార్వే కుషింగ్ వర్ణించాడు. అటువంటి వారిలో కొందరికి మానసిక లక్షణాలు కనిపిస్తాయి. 1948లో కీళ్లవాతానికి కార్టిసోన్ ఇవ్వడం మొదలైన పిదప, అంతకు ముందు ఏ మానసిక వ్యాధీ లేని కొందరు ఆ మందుతో ఉన్మాదులు కావడం వైద్యులు చూశారు. హార్మోను మార్పు మతిని చలింపజేయగలదన్నది దీనితో స్థిరపడింది. మరి ఉన్మాద రోగులందరి వ్యాధికీ మూలం హార్మోనులేనా?

వూస్టరు ఆసుపత్రి, ఉప్పు నేర్పిన పాఠం

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వూస్టర్ అనే ఊరు ఉంది. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో 1920వ దశకం చివరి నుండి రాయ్ హాస్కిన్స్ అనే శాస్త్రవేత్త బృందం స్కిజోఫ్రీనియా రోగుల హార్మోనులను కొలవడం మొదలుపెట్టింది. తర్వాత హడ్సన్ హోగ్లాండ్, గ్రెగరీ పింకస్ 1944లో ఒక పరిశోధనా సంస్థను స్థాపించి ఆ పని కొనసాగించారు. గర్భనిరోధక మాత్రను రూపొందించిన వారిలో ఒకడుగా పేరుపొందిన పింకస్ ఈయనే.

వారి పద్ధతి ఇది. ఆరోగ్యవంతుని ఒత్తిడికి గురిచేస్తే అతని అధివృక్క గ్రంథులు వెంటనే హార్మోనులను ఎక్కువగా వదులుతాయి. దానినే హార్మోను ప్రతిస్పందన అంటారు. స్కిజోఫ్రీనియా రోగులను అదే విధంగా ఒత్తిడికి గురిచేస్తే, లేదా గ్రంథిని ప్రేరేపించే ఏ.సి.టి.హెచ్. సూదిమందు ఇస్తే, వారి ప్రతిస్పందన తక్కువగా ఉన్నట్లు వారికి కనిపించింది. ఒత్తిడిని తట్టుకొనే గ్రంథి నీరసించడం వల్లనే మనసు చెదురుతున్నదేమో అన్న ఆశ కలిగింది. అయితే ఇతర చోట్ల చేసిన పరీక్షలలో ఫలితాలు ఒకే తీరున రాలేదు.

ఎందుకు రాలేదో 1959లో సీమోర్ కెటీ అనే అమెరికా శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో వ్రాసిన రెండు భాగాల సమీక్షలో వివరించాడు. ఆనాటి రోగులు ఏండ్ల తరబడి ఆసుపత్రి గోడల మధ్య ఉన్నవారు. వారి తిండి వేరు, వ్యాయామం లేదు, అంటువ్యాధులు ఎక్కువ. వారిని ఇంట్లో ఉండి ఉద్యోగాలు చేసుకొనే ఆరోగ్యవంతులతో పోల్చి, కనిపించిన తేడానంతా స్కిజోఫ్రీనియాకు అంటగడితే ఎట్లా? ఇందుకు ఆయన చూపిన ఉదాహరణలలో ఒకటి నాకు మిక్కిలి ఇష్టం. మానసిక వైద్యశాలలోని రోగుల థైరాయిడ్ గ్రంథులు అయోడిన్‌ను అతిగా పీల్చుకొంటున్నాయని కొందరు కనుగొన్నారు. ఇది వ్యాధి లక్షణమే అనిపించింది. తీరా చూస్తే ఆసుపత్రి భోజనంలో అయోడిన్ తక్కువ. అయోడిన్ కలిపిన ఉప్పు పెట్టగానే ఆ తేడా పోయింది. మరొక చోట రోగుల మూత్రంలో కనిపించిన ప్రత్యేక పదార్థాలు వారు త్రాగిన కాఫీ నుండి వచ్చినవి.

రోగి శరీరంలో కనిపించినదంతా రోగానిదే కానవసరం లేదని ఈ ఉదాహరణలు చెప్పాయి. అది అతని కంచంలోనిది కావచ్చు, గ్లాసులోనిది కావచ్చు. 1950ల నుండి ఈ జాబితాలో మరొకటి చేరింది. అది మాత్ర.

ఆ కాలపు మరొక చికిత్సను కూడా ఇక్కడ తలచుకోవాలి. 1933 నుండి వియన్నాలో మాన్‌ఫ్రెడ్ సాకెల్ ఇన్సులిన్ హార్మోనునే ఉన్మాదానికి చికిత్సగా ఉపయోగించాడు. రోగికి ఎక్కువ మోతాదు ఇన్సులిన్ ఇచ్చి, రక్తంలోని చక్కెరను తగ్గించి, స్పృహ తప్పించి, మళ్లీ చక్కెర ఇచ్చి లేపేవారు. మన దేశపు మానసిక వైద్యశాలలలోనూ ఈ పద్ధతి నడిచింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1953లో హెరాల్డ్ బోర్న్ దాని ప్రయోజనాన్ని ప్రశ్నించాడు. 1957లో లండన్ వైద్యులు కొందరు రోగులకు ఇన్సులిన్‌తోను, మరికొందరికి నిద్రమందుతోను స్పృహ తప్పించి పోల్చి చూస్తే ఫలితంలో తేడా కనిపించలేదు. మేలు జరిగినవారికి అది ఇన్సులిన్ వలన కాక, వారి మీద చూపిన శ్రద్ధ వలన జరిగి ఉండవచ్చు.

సర్పగంధ, క్లోర్‌ప్రోమజీన్, పాల ప్రశ్న

ఉన్మాదానికి నిజంగా పనిచేసిన తొలి ఆధునిక ఔషధాలలో ఒకటి మన దేశపు మొక్క నుండి వచ్చింది. సర్పగంధ వేరును మన వైద్యులు మతిచలనానికి ఏనాటి నుండో వాడేవారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీనిని ఉన్మాదంలోను, రక్తపు పోటులోను వాడి ఫలితాలను ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండులో దాని నుండి రిసర్పిన్‌ను వేరుచేశారు. అదే ఏడు పారిస్ నగరంలో జాన్ డిలే, పియెర్ డెనికెర్ క్లోర్‌ప్రోమజీన్‌ను ఉన్మాద రోగులకు ఇచ్చి, అది పనిచేస్తున్నదని తెలిపారు. ఏండ్ల తరబడి ఆసుపత్రులలో మగ్గినవారు ఇండ్లకు వెళ్లసాగారు.

మందు వచ్చిన కొద్ది కాలానికే, 1950వ దశకం మధ్యలోనే, ఒక విచిత్రాన్ని వైద్యులు గమనించారు. కాన్పు లేకుండానే కొందరు స్త్రీలలో పాలు వస్తున్నాయి, ముట్టు ఆగిపోతున్నది. రిసర్పిన్ వాడినవారిలోనూ ఇది కనిపించింది. ఇది మందు పనేనని అనుమానించారు గాని, ఎట్లా జరుగుతున్నదో చెప్పడానికి మరో పదిహేనేండ్లకు పైగా పట్టింది. కారణం విచిత్రమైనది. పాలు పుట్టించే ప్రొలాక్టిన్ అనే హార్మోనును 1930వ దశకం మొదట్లో ఆస్కార్ రిడిల్ పావురాలలో గుర్తించి పేరు పెట్టినా, మనుషులలో అది ప్రత్యేకంగా ఉన్నదా అన్నదే 1970 వరకు సందేహం. మనిషి పెరుగుదల హార్మోనుకు కూడా పాలు పుట్టించే గుణం ఉన్నందున రెండూ ఒకటేనని చాలామంది అనుకొన్నారు. 1970, 1971లలో న్యూయార్కులో ఆండ్రూ ఫ్రాంట్జ్, కెనడాలో హెన్రీ ఫ్రీసెన్ బృందాలు మానవ ప్రొలాక్టిన్ వేరే ఉన్నదని నిరూపించి, దానిని రక్తంలో కొలిచే పద్ధతులు తెచ్చాయి. రక్తంలో ఇంత స్వల్పంగా ఉండే హార్మోనులను కొలిచే మార్గాన్ని అంతకు ముందు చూపినది రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్. యాలో 1977లో నోబెల్ బహుమతి పొందింది. అప్పటికి బెర్సన్ జీవించి లేడు.

కొలత చేతికి రాగానే అసలు ప్రశ్న అడగడం సాధ్యమైంది. 1974లో హెర్బర్ట్ మెల్ట్జర్, ఎడ్వర్డ్ సాకర్, ఫ్రాంట్జ్ ముగ్గురూ మందులు వాడని స్కిజోఫ్రీనియా రోగుల రక్తాన్ని పరీక్షించారు. వారి ప్రొలాక్టిన్ మామూలుగానే ఉంది. మందు ఇచ్చినప్పుడు అది పెరుగుతుందని అప్పటికే తెలుసు. కనుక పాలు పుట్టించినది రోగం కాదు, మందు.

లోపల జరిగేది ఏమిటి?

మెదడు అడుగు భాగంలో హైపోథాలమస్, దానికి వ్రేలాడుతూ శనగగింజంత పీయూష గ్రంథి ఉంటాయి. ఈ గ్రంథి నుండి వెలువడే ఇతర హార్మోనులను మెదడు ప్రధానంగా ప్రేరేపిస్తూ ఉంటే, ప్రొలాక్టిన్‌ను మాత్రం అణచిపెట్టి ఉంచుతుంది. ఆ అణచివేత డోపమిన్ అనే రసాయనం పని. డోపమిన్ మెదడులో తనంత తానుగా సందేశాలు మోసే రసాయనమని 1950వ దశకం చివర స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ చూపించాడు. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఉన్మాదానికి వాడే మందులు మెదడులో డోపమిన్ గ్రాహకాలను అడ్డగిస్తాయి. గ్రాహకాన్ని తాళమనీ, డోపమిన్‌ను తాళపుచెవి అనీ అనుకొంటే, మందు ఆ తాళం రంధ్రంలో దూరి కూర్చుంటుంది. భ్రాంతులకు సంబంధించిన మార్గంలో ఈ అడ్డు రోగికి మేలు చేస్తుంది. కాని మందు రక్తంతో పాటు పీయూష గ్రంథికి కూడా చేరుతుంది. అక్కడి తాళాలకూ అడ్డుపడుతుంది. అణచివేత తొలగి ప్రొలాక్టిన్ పెరుగుతుంది. రొమ్ములలో పాలు వస్తాయి. పెరిగిన ప్రొలాక్టిన్ అండాశయాలను ప్రేరేపించే హార్మోనులను తగ్గించడంతో ముట్టు ఆగుతుంది. బిడ్డకు పాలిచ్చే తల్లికి కొన్ని నెలలు ముట్టు రాకపోవడం కూడా ఈ హార్మోను వల్లనే. మగవారిలో కోరిక తగ్గవచ్చు, రొమ్ములు పెరగవచ్చు. ఇది చాలా ఏండ్లు కొనసాగితే ఎముకలు పలుచబడవచ్చు.

మందులన్నీ ఒకే రీతిగా ప్రవర్తించవు. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ ప్రొలాక్టిన్‌ను ఎక్కువగా పెంచుతాయి. ఓలంజపిన్ ప్రభావం తక్కువ. క్లోజపిన్, క్విటియపిన్ చాలా తక్కువ. అరిపిప్రజోల్ దానిని తగ్గించగలదు కూడా.

ఒక ఇన్‌లాండు లెటరు

ఇక నా రోగి దగ్గరకు వస్తాను. మాకు దగ్గరి జిల్లా కేంద్రాలలో బళ్లారి ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని బళ్లారి జిల్లాలోని తాలూకాయే. ఇప్పటికీ పెండ్లి సంబంధాలు, ప్రత్తి బేరాలు సరిహద్దు దాటి నడుస్తూనే ఉంటాయి. ఆ బళ్లారి జిల్లాలోనే 1985లో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ఒక కొత్త ప్రయత్నం మొదలుపెట్టారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి మందులతో మానసిక రోగులకు వారి ఊరి దగ్గరే చికిత్స అందించడం దాని ఉద్దేశం. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఇదే నమూనా. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అది మొదట మెదక్ జిల్లాకు వచ్చింది.

నా సహాధ్యాయి ఒకడు అటువైపు పనిచేసేవాడు. మానసిక వైద్యులతో అతనికి రాకపోకలు ఉండేవి. ఈ రోగి సంగతి వ్రాస్తే పదిరోజులకు ఇన్‌లాండు లెటరులో జవాబు వచ్చింది. ఇది మందు వలన జరిగినదేననీ, భయపడవలసినది లేదనీ, మోతాదును మెల్లగా తగ్గించి చూడమనీ వ్రాశాడు. ఈ విషయం నా పుస్తకాలలో కూడా ఉంది. నేను దానిని దుష్ప్రభావాల జాబితాలో ఒక మాటగా చదివి దాటిపోయాను.

ఆదివారం బస్సెక్కి ఆమె పుట్టింటికి వెళ్లాను. ఒక మూలన కూర్చొని తనలో తాను మాట్లాడుకొంటున్నది. తల్లిదండ్రులకు చెప్పాను. అక్కడి నుండి అత్తవారింటికి వెళ్లి, నలుగురూ వినేటట్లు వాకిట్లోనే కూర్చొని చెప్పాను. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు, నేనిచ్చిన మాత్ర వలన పాలు వచ్చాయి, ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం నా తప్పు అన్నాను. మళ్లీ మందు మొదలుపెట్టాము. ఆమె తేరుకొన్న తర్వాత మోతాదును నెమ్మదిగా, పనిచేసేంత మేరకు తగ్గించాను. పాలు తగ్గాయి. కొన్ని నెలలకు ముట్టు వచ్చింది. ఉగాదికి భర్త సుగ్గి నుండి తిరిగివచ్చి ఆమెను ఇంటికి తీసుకొనిపోయాడు.

ఆ తర్వాత ఒకనాడు అత్తగారు మాత్రలకోసం వచ్చి నిలబడి, "ఆ పొద్దు ఒక్క మాట ముందే చెప్పింటే, ఆ పిల్లను అన్ని మాటలు అనకపోదును గదా సారూ" అంది. ముప్పై ఏండ్లకు పైగా చేసిన ఉద్యోగంలో రోగుల బంధువులు నన్ను తిట్టిన తిట్లు చాలా ఉన్నాయి. అవేవీ ఇంతగా గుర్తులేవు.

నేటి పరిశోధనలు చెప్పేది

కథ ఇంతటితో ముగిసిందనుకొంటే పొరపాటే. మందు పని, రోగం పని అని పూర్తిగా విడదీయడం సాధ్యం కాదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. ఇప్పుడు పరిశోధకులు ఏండ్ల తరబడి ఆసుపత్రిలో ఉన్నవారిని కాక, వ్యాధి మొదటిసారి వచ్చి ఇంకా ఒక్క మాత్ర కూడా వేసుకొనని వారిని పరీక్షిస్తున్నారు. కెటీ చెప్పిన హెచ్చరిక ఫలించిందన్నమాట. అటువంటి వారిలో కొందరికి మందుకు ముందే ప్రొలాక్టిన్ కొంచెం ఎక్కువగా ఉండడం కనిపించింది. ఒత్తిడి కూడా ఈ హార్మోనును పెంచుతుంది. కార్టిసాల్ మామూలు వేళల్లో ఎక్కువగా ఉన్నా, తెల్లవారి నిద్ర లేచిన వెంటనే ఆరోగ్యవంతులలో కనిపించే పెరుగుదల మాత్రం ఈ రోగులలో తక్కువగా ఉన్నదని లండన్ పరిశోధకులు గమనించారు. పింకస్, హోగ్లాండ్ అడిగిన ప్రశ్న మెరుగైన కొలతలతో తిరిగివచ్చింది.

చక్కెర విషయమూ అంతే. మందు వాడని కొత్త రోగులలోనే చక్కెరను తట్టుకొనే శక్తి కొంత తక్కువగా ఉన్నట్లు పలు పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది. మతిచలనం ఉన్న కుటుంబాలలో మధుమేహం తరచు కనిపిస్తుందని 1879లోనే హెన్రీ మాడ్‌స్లీ అనే ఆంగ్ల వైద్యుడు వ్రాశాడు. అప్పటికి ఈ మందులేవీ లేవు. అయితే ఓలంజపిన్, క్లోజపిన్ వంటి మందులు బరువును, చక్కెరను మరింత పెంచుతాయన్నదీ నిజమే. ఉన్న మొగ్గుకు మందు తోడవుతుంది.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. మానసిక వ్యాధికి మందు వాడుతున్న స్త్రీకి పాలు వచ్చినా, ముట్టు ఆగినా మొదట అనుమానించవలసినది మందును, మనిషిని కాదు. అయితే గర్భం కూడా కావచ్చు కనుక గర్భ పరీక్ష తప్పక చేయించండి.

2. మందును మీ అంతట మీరు ఆపకండి. వ్యాధి తిరగబెట్టడం పాలు రావడం కంటే చాలా పెద్ద నష్టం. వైద్యునికి చెప్పండి. రక్తంలో ప్రొలాక్టిన్ పరీక్ష చేయించి, ఆయన మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, మరొక మందు చేర్చవచ్చు.

3. మగవారు కోరిక తగ్గిందని సిగ్గుపడి మందు మానేస్తారు. భార్యకు కూడా చెప్పరు. ఇది కూడా వైద్యునికి చెప్పదగిన లక్షణమే.

4. వాంతులకు, కడుపు ఉబ్బరానికి వాడే డోంపెరిడోన్, మెటాక్లోప్రమైడ్ కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. వాడుతున్న మందులన్నింటినీ వైద్యునికి చూపండి. తలనొప్పి, చూపు ప్రక్కలకు తగ్గడం ఉంటే పీయూష గ్రంథిలో కంతి ఉన్నదేమో పరీక్షించవలసి ఉంటుంది.

5. మతి చలించిన వారికి థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఉబ్బసానికి, కీళ్లనొప్పులకు స్టీరాయిడ్ మాత్రలు వాడుతూ ఉంటే ఆ సంగతి చెప్పండి. చెప్పకుండా ఒక్కసారిగా మానకండి.

6. మందు మొదలుపెట్టేటప్పుడు బరువు, నడుము చుట్టుకొలత, రక్తపు పోటు, చక్కెర చూపించుకొని, ఆ తర్వాత కూడా క్రమంగా పరీక్షించుకోండి.

7. కాన్పు అయిన కొద్ది రోజులలో బాలింత నిద్రలేకుండా, పొంతనలేని మాటలు మాట్లాడుతూ, బిడ్డ మీద వింత అనుమానాలు పెట్టుకొంటే దానిని గాలి అనుకొని కాలయాపన చేయకండి. తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం కలుగవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకొనివెళ్లండి.

సలహా కొరకు ప్రభుత్వపు టెలి మానస్ సంఖ్య 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

నా తర్వాతి తరం వైద్య మిత్రులు ఎవరైనా దీనిని చదువుతూ ఉంటే వారికి ఒక విన్నపం. ఉన్మాద రోగికి మొదటి చీటీ వ్రాసే రోజుననే, ఈ మాత్రతో ముట్టు ఆగవచ్చు, పాలు రావచ్చు, అట్లయితే భయపడక నా దగ్గరకు రండి అని రోగితోను, ఇంటి పెద్దతోను చెప్పండి. దానికి ఒక్క నిముషం పడుతుంది. నేను ఆ నిముషాన్ని ఆనాడు వెచ్చించలేదు.